కణత కిటికీ: మెదడు రక్తనాళాలను శబ్దంతో చూసిన చరిత్ర

 

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం వారు ఫోన్ చేసి, "మీ 1974 బ్యాచ్ జ్ఞాపకాలు రాయండి డాక్టరు గారూ" అన్నారు. జ్ఞాపకాలు రాయడంలో చెయ్యి తిరిగినవాళ్ళు మా బ్యాచ్‌లో నాకంటే చాలామంది ఉన్నారు. ఆ పని వాళ్ళకే వదిలేస్తున్నాను. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా లైట్లు తగ్గించిన గదిలో కూర్చుని అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేసినవాణ్ణి. నాకు బాగా తెలిసిన చరిత్ర అదొక్కటే. అందులోనూ ఒక చిన్న పాయ గురించి రాస్తాను. శబ్దంతో మెదడులోని రక్తనాళాలను చూడటం మనిషి ఎలా నేర్చుకున్నాడు, ఎక్కడ ఆగిపోయాడు, గాలి బుడగలు ఆ దారిని ఎలా తెరిచాయి అన్నది విషయం.

ఇది మనకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకాల్లో పక్షవాతం తెలియని వీధి లేదు. పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకోబోయిన చెయ్యి లేవకపోవడం, మూతి ఒక పక్కకు వంకర పోవడం, మాట ముద్దగా రావడం మనం మన ఇళ్ళలోనే చూశాం. పావురం రక్తంతో మర్దన చేస్తే తగ్గుతుందని తిరిగిన వాళ్ళనూ చూశాం. జబ్బు కాళ్ళూ చేతుల్లో కనిపిస్తుంది. కారణం మాత్రం తలలో ఉంటుంది. పుర్రె అనే గట్టి డిప్పలో దాగిన ఆ నాళాల్లో ఏం జరుగుతోందో బతికున్న మనిషిలో చూడగలగడం వైద్యానికి చాలా కాలం తీరని కోరికగా ఉండిపోయింది.

కొబ్బరికాయ వాయించే విద్య

మన సీమలో కొబ్బరికాయ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాం, వేలితో వాయిస్తాం. ముదురో లేతో, నీళ్ళున్నాయో ఇంకిపోయాయో ఆ చప్పుడే చెబుతుంది. కాయ పగలగొట్టకుండా లోపల ఏముందో తెలుసుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఇదే విద్యను మొదటిసారి పద్ధతిగా వైద్యంలోకి తెచ్చినవాడు లియోపోల్డ్ అవెన్‌బ్రుగ్గర్. ఆస్ట్రియాలోని గ్రాజ్ ఊళ్ళో ఒక సత్రం యజమాని కొడుకు. సారా పీపాల్లో ఎంత సరుకు మిగిలిందో వాయించి తెలుసుకోవడం అక్కడి వాడుక. రోగి ఛాతీని అలాగే వేళ్ళతో వాయించి, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందో లేదో చెప్పవచ్చని ఆయన 1761లో వియన్నాలో ఒక చిన్న పుస్తకం వేశాడు. సమకాలికులు పెద్దగా పట్టించుకోలేదు. 1808లో ఫ్రెంచి వైద్యుడు కోర్విజార్ దాన్ని అనువదించాకే అందరికీ తెలిసింది. 1816లో లెనెక్ కాగితం చుట్టి గొట్టం చేసి రోగి గుండె మీద ఆనించి విన్నాడు. అదే స్టెతస్కోపుకు మొదలు.

ఛాతీ వాయించవచ్చు, పొట్ట వాయించవచ్చు. తల వాయిస్తే ఏమీ తెలియదు. మెదడుకు వెళ్ళే నాళాలు పుర్రె అడుగున ఒక వలయంలా కలుస్తాయి. 1664లో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ దాన్ని వివరించాడు. ఆ పుస్తకానికి బొమ్మలు గీసినవారిలో తర్వాత లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్ ఒకడు. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి నుంచి రక్తం అందేలా ఉన్న ఆ వలయం మన డెల్టా కాలువలను గుర్తుకు తెస్తుంది. కాకపోతే విల్లిస్ చూసింది చనిపోయినవారి మెదడులో. బతికున్నవారిలో అందులో పారే రక్తాన్ని పుర్రె ముట్టుకోకుండా కొలవడానికి మరో 318 ఏళ్ళు పట్టింది.

చెవికి అందని శబ్దం

ఎనిమిదో తరగతిలో ధ్వని పాఠం చెబుతూ మన సైన్సు మాస్టారు, మనిషి చెవికి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకే వినిపిస్తుందని చెప్పారు. అంతకు మించినది అల్ట్రాసౌండ్. గబ్బిలాలు చీకట్లో కళ్ళతో కాక చెవులతో దారి చూసుకుంటాయని ఇటలీలో స్పల్లంజానీ 1790లలోనే ప్రయోగాలు చేసి చూపాడు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. అలాంటి స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే అది కంపించి శబ్దాన్ని పంపుతుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వని తగిలితే మళ్ళీ విద్యుత్తు పుడుతుంది. అంటే నోరూ చెవీ ఒకటే అన్నమాట. స్కానింగ్ గదిలో పొట్ట మీద జెల్ రాసి ఆనించే పరికరంలో ఉన్నది ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో లాంజ్‌వాన్ ఈ సూత్రంతోనే నీటి అడుగున జలాంతర్గాములను వెతికే యంత్రం చేశాడు.

ఇంకొక సూత్రం కూడా కావాలి. 1842లో ప్రాగ్ నగరంలో క్రిస్టియాన్ డాప్లర్, కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగం స్థాయి మారుతుందని చెప్పాడు. ఆయన దృష్టి నక్షత్రాల వెలుగు మీద ఉంది. మూడేళ్ళ తర్వాత నెదర్లాండ్స్‌లో బాయిస్ బాలో రైలు మీద బాకాలు ఊదేవారిని ఎక్కించి, శబ్దానికీ అది వర్తిస్తుందని నిరూపించాడు. పుస్తకాలన్నీ ఇక్కడ రైలు కూత ఉదాహరణే ఇస్తాయి. రైలు లేని మన సీమ పిల్లలకు ఆ ఉదాహరణ ఏం అర్థమవుతుందని మాస్టారు బస్సు హారన్‌తో చెప్పారు. మన వైపు వస్తున్నప్పుడు హారన్ సన్నగా, దాటి వెళ్తున్నప్పుడు బొంగురుగా వినిపిస్తుంది. ఆ తేడాను కొలిస్తే బస్సు వేగం తెలుస్తుంది. బస్సు బదులు ఎర్ర రక్తకణం అనుకుంటే, తిరిగొచ్చిన శబ్దంలోని తేడా రక్తం వేగం చెబుతుంది. 1950ల చివర జపాన్‌లోని ఒసాకాలో షిగెయో సతోమురా ఈ దారిలో గుండె కదలికలనూ రక్త ప్రవాహాన్నీ కొలిచాడు.

ఎముక గోడ

మీకు ఆశ్చర్యం కలగవచ్చు. అల్ట్రాసౌండ్‌తో మనిషి శరీరం లోపలి బొమ్మ తీయాలని మొదట ప్రయత్నించింది గర్భిణుల పొట్ట మీద కాదు, తల మీదే. వియన్నాకు చెందిన నాడీ వైద్యుడు కార్ల్ డుస్సిక్ భౌతిక శాస్త్రం చదివిన తన సోదరుడితో కలిసి ఈ పని చేశాడు. తలకు ఒక పక్క నుంచి శబ్దం పంపి రెండో పక్క పట్టుకుని, మెదడులోని నీటి గదుల బొమ్మ వచ్చిందని 1942లో ప్రకటించాడు. పదేళ్ళ తర్వాత ఇతరులు అదే ప్రయోగం మెదడు లేని ఖాళీ పుర్రెతో చేసి చూస్తే అలాంటి బొమ్మలే వచ్చాయి. ఆయన చూసింది మెదడు కాదు, ఎముక మందంలోని హెచ్చుతగ్గులు.

పని విఫలమైనా ఒక పాఠం మిగిలింది. ఎముక శబ్దాన్ని మింగేస్తుంది, పక్కకు చెదరగొడుతుంది. శబ్దం ఎంత సన్ననిదైతే అంత ఎక్కువ మింగేస్తుంది. 1950లలో స్వీడన్‌లోని లుండ్‌లో లార్స్ లెక్సెల్ అనే శస్త్రవైద్యుడు ఇంకొంచెం తెలివిగా వెళ్ళాడు. బొమ్మ జోలికి పోలేదు. మెదడు మధ్య గీత నుంచి వచ్చే ప్రతిధ్వని నడుమనే ఉందా, పక్కకు జరిగిందా అన్నదొక్కటే చూశాడు. జరిగితే ఒక పక్క రక్తం గడ్డకట్టి తోస్తోందని అర్థం. అదే ఊళ్ళో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు ఓడల కర్మాగారంలో లోహపు పగుళ్ళు వెతికే యంత్రం అరువు తెచ్చుకుని 1953లో గుండె కదలికలు చూశారు. 1958లో స్కాట్లండ్‌లో ఇయాన్ డొనాల్డ్ పొట్టలోని గడ్డల బొమ్మలు ప్రచురించాడు. గుండె, పొట్ట, గర్భం అలా ముందుకు పోయాయి. తల వెనకబడింది. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ సీటీ స్కాన్ మొదటి రోగి మెదడును చూపించాక, తలకు అల్ట్రాసౌండ్ అవసరమే లేదని చాలామంది తీర్మానించారు.

మాడు, కణత

అయితే ఎముక అడ్డం రాని తల ఒకటుంది. అది పసిబిడ్డ తల. మన అమ్మమ్మలు పురిటి బిడ్డ మాడు మీద ఆముదం పెట్టి అద్దేవారు. అక్కడ ఇంకా ఎముక కలవదు, వేలు పెడితే మెత్తగా కొట్టుకుంటుంది. 1970ల చివరి నుంచి వైద్యులు అదే మాడును కిటికీగా వాడుకున్నారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల మెదడులో రక్తస్రావం అయిందా అని నేటికీ మొదట చూసేది అక్కడి నుంచే. ఏడాదిన్నర దాటేసరికి ఆ కిటికీ మూసుకుపోతుంది.

పెద్దవారికి మరో కిటికీ ఉందని తేలింది 1982లో. స్విట్జర్లండ్‌లోని బెర్న్‌లో పనిచేస్తున్న నార్వే శాస్త్రవేత్త రూనే ఆస్లిద్, చెవికి ముందు పైగా ఉండే కణత దగ్గర ఎముక పలచగా ఉంటుందని గమనించి, అక్కడ సెకనుకు 20 లక్షల కంపనాల శబ్దాన్ని పంపాడు. గుండెకూ పొట్టకూ వాడే శబ్దాల్లో ఇది కాస్త లావుపాటిది, ఎముకను కొంతవరకు దాటగలిగేది. లోపలి నడిమి మెదడు ధమనిలో రక్తం సెకనుకు సుమారు 60 సెంటీమీటర్ల వేగంతో పోతోందని కొలిచి చూపించాడు. కోత లేదు, సూది లేదు, ఎక్స్‌రే లేదు.

ఆ ఏడాది నేను హౌస్ సర్జన్‌ని. ఒక ఉదయం నేనున్న వార్డుకు మన లెక్కల మాస్టారిని తీసుకొచ్చారు. ముందు రోజు చీకటి పడ్డాక కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. రాత్రి పంటు తిరగదు. చుట్టూ తిరిగి రోడ్డు మీద రావాలంటే కారు కావాలి, ఆ రోజుల్లో ఊళ్ళో కారు ఎవరికుంది? రేవులో తెల్లవారే దాకా కూర్చుని మొదటి పంటుకు గోదావరి దాటారు. మా చేతుల్లో ఉన్నవి స్టెతస్కోపు, టార్చి, మోకాలు తట్టే సుత్తి. నాళం మూసుకుందా, పగిలిందా అన్నది కూడా మాకు ఊహే. మాస్టారు బతికారు. కుడి చెయ్యి తిరిగి రాలేదు, మాట మునుపటిలా రాలేదు. ఎడమ చేత్తో పలక మీద రాసి ఇంటికొచ్చే పిల్లలకు లెక్కలు చూపించేవారని ఆయన దగ్గర చదివిన మన సంఘం సభ్యులకు తెలుసు. ఆ రోజు ఆస్లిద్ యంత్రం మా దగ్గర ఉన్నా చేయగలిగింది తక్కువే. మూసుకున్న మెదడు నాళంలో గడ్డను కరిగించే మందు పనిచేస్తుందని నిరూపణ అయింది 1995లో. అప్పట్లో గడువు 3 గంటలు, 2008 నాటికి అది నాలుగున్నర గంటలైంది. మాస్టారు రేవులోనే అంతకు రెట్టింపు సేపు కూర్చున్నారు.

ఆ వేగం కొలవడం వల్ల ఏం తెలుస్తుందో రైతు కుటుంబాల నుంచి వచ్చిన మనకు చెప్పనక్కర్లేదు. కాలువ నీరు వెడల్పున నెమ్మదిగా పోతుంది, ఇరుకు తూములో దూకుతుంది. కాలువ మొత్తం పూడితే నీరే ఉండదు. రక్తనాళమూ అంతే. కొవ్వు పేరుకుని సన్నబడిన చోట వేగం పెరుగుతుంది, మూసుకుపోతే చప్పుడు ఆగిపోతుంది. ఇది మనకు ముఖ్యం. పాశ్చాత్య దేశాల్లో మెడలోని ధమనులు సన్నబడటం ఎక్కువ. మన దేశంలోనూ ఆసియాలోని మరికొన్ని దేశాల్లోనూ తలలోపలి నాళాలే ఎక్కువగా సన్నబడతాయి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం నడిపిన పక్షవాత రోగుల రిజిస్ట్రీ, 2002లో ప్రచురించిన నివేదికలో తెలుగునాట ఈ సంగతిని నమోదు చేసింది. మెడ స్కానింగ్ ఒక్కటే చూసి ఊరుకుంటే మన రోగుల్లో చాలామందికి అసలు కారణం దొరకదు.

ఇంకొక ఉపయోగం గోదావరికి ఎగువన, ఏజెన్సీ గ్రామాల పిల్లలకు సంబంధించినది. సికిల్ సెల్ జబ్బున్న పిల్లలకు చిన్న వయసులోనే పక్షవాతం రావచ్చు. అమెరికాలో రాబర్ట్ ఆడమ్స్ నాయకత్వంలో 130 మంది పిల్లలతో జరిగి 1998లో వెలువడిన పరిశోధన ఒక లెక్క తేల్చింది. కణత దగ్గర కొలిచిన వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు దాటిన పిల్లలకు క్రమంగా రక్తం ఎక్కిస్తే పక్షవాతం ముప్పు 90 శాతానికి పైగా తగ్గింది. జబ్బు రాకముందే హెచ్చరించే పరీక్షలు వైద్యంలో ఎక్కువ లేవు. ఇది వాటిలో ఒకటి.

కిటికీ మూసుకున్నవారు

అందరికీ కణత కిటికీ తెరిచి ఉండదు. సుమారు పది మందిలో ఒకరికో ఇద్దరికో అక్కడి ఎముక మందంగా ఉండి శబ్దం లోపలికి పోదు. వయసు మీరిన ఆడవాళ్ళలోనూ, ఆసియా వాళ్ళలోనూ ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అంటే పరీక్ష ఎవరికి ఎక్కువ అవసరమో, ఆ మన అమ్మలకూ నాయనమ్మలకే అది పనిచేయదు. లంక గ్రామం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కణత మీద నేను అరగంట సేపు వెతికాను. తెర మీద ఇసక జల్లినట్టు చుక్కలు తప్ప ఏమీ లేదు. "ఏం బాబూ, నా తలలో ఏమీ లేదా?" అని ఆవిడ నవ్వింది. అలాంటివారి కోసమే బుడగలు వచ్చాయి.

ఈ బుడగల కథకు మూలం 1933లో ఉంది. పారే నీరు ఎందుకు గలగలమంటుంది అని మార్సెల్ మిన్నార్ట్ అనే శాస్త్రవేత్త ఆలోచించాడు. లాకుల దగ్గర నీరు దూకే చప్పుడు మనందరికీ తెలుసు. ఆ చప్పుడు నీటిది కాదు, నీటిలో చిక్కిన గాలి బుడగలదని, ప్రతి బుడగా గంటలా మోగుతుందని, బుడగ చిన్నదైతే స్వరం పైకి పోతుందని ఆయన లెక్క కట్టాడు. మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ సెకనుకు 3,000కు పైగా కంపిస్తుంది. అదే లెక్కన మిల్లీమీటరులో వెయ్యో వంతు పరిమాణం ఉన్న బుడగ సెకనుకు లక్షల సార్లు కంపించాలి. సరిగ్గా స్కానింగ్ యంత్రం పంపే శబ్దం అదే స్థాయిలో ఉంటుంది. ఈ కలయిక ఎవరూ ఏర్పాటు చేసినది కాదు, ప్రకృతి ఇచ్చిన వరం.

1960లలో అమెరికాలో గుండె వైద్యులు ఒక ఆకుపచ్చ రంగు మందును నాళంలోకి ఎక్కిస్తూ అల్ట్రాసౌండ్ చూస్తుంటే, తెర మీద హఠాత్తుగా తెల్లని మబ్బు కమ్మేది. రోచెస్టర్‌లో రేమండ్ గ్రామియాక్, పేరులోనే మన దేశం వినిపించే ప్రవీణ్ షా కలిసి 1968లో ఆ మబ్బును గుండె నుంచి వెలువడే బృహద్ధమనిని గుర్తించడానికి వాడవచ్చని రాశారు. మబ్బుకు కారణం రంగు కాదు, మందు ఎక్కించేటప్పుడు పుట్టిన చిన్న చిన్న బుడగలని తర్వాత తేలింది. రక్తానికీ గాలికీ మధ్య ఉన్న తేడా వల్ల శబ్దం బుడగ నుంచి బలంగా తిరిగొస్తుంది.

కానీ ఆ బుడగలు పెద్దవి, ఆయుష్షు తక్కువ. చేతి సిరలో ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోనే వడపోతకు చిక్కుకుపోతాయి, మెదడు దాకా చేరవు. విచిత్రమేమిటంటే ఆ లోపమే ఒక పరీక్షగా మారింది. సెలైన్‌ను గిలకొట్టి చేతి సిరలో ఎక్కించి కణత దగ్గర వింటారు. బుడగల టిక్కు టిక్కు శబ్దం మెదడు నాళంలో వెంటనే వినిపించిందంటే గుండెలో పుట్టుకతో మూసుకోవలసిన రంధ్రం మూసుకోలేదని అనుమానించాలి. చిన్న వయసులో, కారణం తెలియకుండా పక్షవాతం వచ్చినవారికి నేటికీ ఈ పరీక్ష చేస్తారు.

ఊపిరితిత్తులను దాటే బుడగ కోసం 1984లో స్టీవెన్ ఫైన్‌స్టీన్ బృందం ఆల్బుమిన్ లాంటి ద్రావణాలను శబ్దంతోనే గిలకొట్టి, సన్నని గట్టి బుడగలు చేసింది. ఆల్బుమిన్ తొడుగుతో వచ్చిన మందుకు 1994లో అమెరికాలో అనుమతి దొరికింది. జర్మనీలో గెలాక్టోజ్ చక్కెర రేణువులతో లెవోవిస్ట్ వచ్చింది. ఆ దేశంలోనే ఉల్రిష్ బొగ్డాన్, గేయోర్గ్ బెకర్ తదితరులు 1990ల మొదట్లో కణత గుండా రంగుల డాప్లర్ బొమ్మ తీస్తూ ఈ బుడగలు ఎక్కించి చూశారు. కిటికీ మూసుకున్నవారిలో చాలామందికి విల్లిస్ వలయం తెర మీద వెలిగింది. 2001లో యూరప్‌లో వచ్చిన సోనోవ్యూలో గాలి బదులు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఉంటుంది. కరెంటు సబ్‌స్టేషన్లలో పెద్ద బ్రేకర్లలో నింపే వాయువు అదే. అది రక్తంలో త్వరగా కరగదు కాబట్టి బుడగ కొన్ని నిమిషాలు నిలుస్తుంది. చుట్టూ కొవ్వు పదార్థపు పలుచని తొడుగు ఉంటుంది. సగటు వ్యాసం సుమారు 2.5 మైక్రాన్లు, అంటే ఎర్ర రక్తకణంలో మూడో వంతు. అందుకే ఎంత సన్నని నాళంలోనైనా రక్తంతో పాటు పోతుంది. పని అయ్యాక బుడగ పగిలి, వాయువు ఊపిరితో బయటికి పోతుంది. సీటీ మందులా మూత్రపిండాల మీద భారం ఉండదు.

బుడగకు ఇంకొక గుణం ఉంది. శబ్దం తగిలినప్పుడు అది వ్యాకోచించినంత సులువుగా సంకోచించదు. అందుకని తనకు పంపిన స్వరంతో పాటు దానికి రెట్టింపు స్వరం కూడా పలుకుతుంది. కండ, మెదడు పదార్థం అంతగా అలా పలకవు. యంత్రం ఆ రెండో స్వరాన్ని మాత్రం ఏరుకుని వింటే చుట్టూ ఉన్న గోల పోయి నాళం ఒక్కటే మిగులుతుంది. ఇంకో పద్ధతిలో, బలమైన శబ్దంతో ఒక చోట బుడగలన్నీ పగలగొట్టి, కొత్తవి ఎంతసేపట్లో నిండుతాయో చూస్తారు. వేసవిలో కట్టేసిన కాలువ జూన్‌లో వదిలినప్పుడు నీరు ఏ బోదెకు ఎప్పుడు చేరిందో చూసి పూడిక ఎక్కడుందో రైతు చెప్పగలడు. ఇదీ అలాంటిదే.

చేయగలిగింది, చేయలేనిది

గొప్పలు మాత్రమే చెబితే చరిత్ర కాదు, ప్రకటన అవుతుంది. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ బుడగల మందుల మీద తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ముదిరిన కొందరికి ప్రమాదకరమైన ప్రతిచర్యలు వచ్చాయి. మరుసటి ఏడాది అనుభవాన్ని బట్టి దాన్ని కొంత సడలించింది. అలాంటి ప్రతిచర్యలు అరుదే అయినా మందు ఎక్కించే చోట అత్యవసర వైద్యం సిద్ధంగా ఉండాలి.

శబ్దంతోనే గడ్డను త్వరగా కరిగించవచ్చన్న ఆశ కూడా పుట్టింది. 2004లో 126 మంది రోగులతో ఆండ్రే అలెగ్జాండ్రోవ్ బృందం ప్రచురించిన ఫలితాలు ఉత్సాహాన్నిచ్చాయి. కానీ 2019లో వెలువడిన పెద్ద పరిశోధనలో రోగులకు అదనపు మేలు కనిపించలేదు. మంచి ఆలోచన అన్నంత మాత్రాన మంచి వైద్యం కాదని ఈ వృత్తి మాకు పదే పదే నేర్పుతుంది.

నేడు పక్షవాతం వచ్చిన రోగికి మొదట చేసేది సీటీ. నాళాలు చూడటానికి సీటీ లేదా ఎమ్మారై యాంజియోగ్రామ్. బుడగల అల్ట్రాసౌండ్ వాటికి పోటీ కాదు, తోడు. రోగిని మంచం మీద నుంచి కదపలేనప్పుడు, గంట గంటకూ మళ్ళీ చూడవలసినప్పుడు, మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ముందు దారి మాత్రం ఆసక్తిగా ఉంది. పారిస్‌లో మికాయెల్ తాంతేర్ తదితరులు సెకనుకు వందల, వేల బొమ్మలు తీసే యంత్రంతో ఒక్కొక్క బుడగనూ వెంబడించి, అది నడిచిన దారిని గీస్తూ పోయారు. లక్షల దారులు కలిపితే నాళాల పటం తయారైంది. 2015లో ఎలుక మెదడులో, 2021లో జెనీవాలో రోగుల మెదడులో పుర్రె తెరవకుండానే మిల్లీమీటరులో నలభయ్యో వంతు వివరాలు చూశారు. రాత్రి గోదావరి మీద పడవల దీపాలను చూసి పాయ ఎటు మలుపు తిరిగిందో చెప్పడం లాంటిది ఇది. మరో వైపు 2001లో హైనినెన్ బృందం కుందేళ్ళలో బుడగల సాయంతో రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న సహజమైన అడ్డుగోడను కాసేపు తెరవవచ్చని చూపింది. మందులు మెదడులోకి పంపడానికి ఆ దారి పనికొస్తుందేమోనని మనుషుల్లోనూ పరీక్షలు జరుగుతున్నాయి. డుస్సిక్ 1942లో కన్న కల నెరవేరుతోంది. ఆయన గోడ గుండా చూడబోయాడు. తర్వాతివాళ్ళు కిటికీ వెతికి, లోపల దీపాలు వెలిగించారు.

మన సీమకు

ప్రతి స్కానింగ్ సెంటరు గుమ్మంలోనూ గర్భస్థ శిశువు లింగ నిర్ధారణ నేరమనే బోర్డు ఉంటుంది. 1994 నాటి చట్టం మనకు గుర్తుచేసే సంగతి ఏమిటంటే, ఒకే శబ్దంతో ప్రాణం నిలపనూ వచ్చు, ఆడపిల్లను పుట్టకముందే తుడిచెయ్యనూ వచ్చు. యంత్రానికి నీతి ఉండదు, దాన్ని పట్టుకున్న చేతికి ఉండాలి. మన బడి నేర్పింది ముందు అదే.

ఇక పక్షవాతం సంగతి. మాస్టారు రేవులో కూర్చున్న నాటికీ నేటికీ తేడా ఉంది. యానాం, ఎదుర్లంకల మధ్య బాలయోగి గారి పేరున వంతెన వచ్చింది. చించినాడ వంతెన వచ్చింది. 2005 నుంచి 108 వాహనం ఉంది. అమలాపురంలోనే వైద్య కళాశాల ఉంది. గోదావరి ఇప్పుడు అడ్డం కాదు. అయినా ఆలస్యం అవుతూనే ఉంది. "పొద్దున్నకి తగ్గుతుందిలే" అని పడుకోబెట్టడం, నాటు మందుకు తీసుకెళ్ళడం, పెద్దబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చేదాకా ఆగడం. ఆ నాలుగున్నర గంటలు ఇంట్లోనే కరిగిపోతున్నాయి. నదికి వంతెన కట్టినట్టు ఈ ఆలస్యానికి ఎవరూ వంతెన కట్టి ఇవ్వలేరు.

అందుకే తోటి పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మన సంఘం ఏటా పెట్టే వైద్య శిబిరంలో బీపీ, షుగరు పరీక్షలతో పాటు మూడు మాటలు ప్రతి ఇంటికీ చేరాలి: మూతి వంకర పోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా వెంటనే టైము చూసుకుని 108కి ఫోన్ చెయ్యండి. ఎప్పుడు మొదలైందో ఆ టైము డాక్టరుకు చెప్పండి. ఉపాధ్యాయులు ఈ మూడు మాటలను తొమ్మిదో తరగతి పిల్లల చేత కంఠస్థం చేయిస్తే ఇంకా మంచిది. ఇంట్లో నాయనమ్మ పక్కన పడుకునేది ఆ పిల్లలే. కణత కిటికీ తెరవడానికి యంత్రం కావాలి, మందు కావాలి, నేర్చినవాడు కావాలి. గడియారం చూడటానికి బడిలో నేర్పిన చదువు చాలు.